మూడో రంధ్రం వెనక

బతుకమ్మ పండుగకు ముందు ఇల్లు దులపడం నా పద్ధతి. ఇప్పుడు మోకాళ్ళు పైకి ఎక్కనివ్వడం లేదు కాబట్టి ఈసారి సజ్జ మీదికి మనుమరాలు అఖిలను ఎక్కించి, నేను కింద స్టూలు పట్టుకుని నిలబడ్డాను. ఇత్తడి గుండిగ, చిరిగిన పరదాలు, చలికాలంలో తప్ప పనికిరాని రగ్గులు ఒక్కొక్కటే దిగాయి. అన్నిటి వెనక, నా పాత చీర ముక్కలో మూటగట్టిన ఒక ఇనుప డబ్బా దొరికింది. రెండు పోపుల డబ్బాలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత ఉంటుందో అంత. ముఖాన ఎండిపోయిన పసుపు, కుంకుమ. వెనక ఒక స్క్రూకు చుట్టిన ఆకుపచ్చ తీగ మూరెడు వేలాడుతోంది, చివర కత్తిరించి ఉంది. అఖిల మూట విప్పి, డబ్బాను ముందు వేళ్ళ వెనకవైపుతో ఒకసారి తాకి, ఆ తర్వాత రెండు చేతులతో పట్టుకుంది. అలా తాకినట్టు దానికే తెలియదు. ఎప్పుడూ తెలియదు.

“ఇది అమ్మ పాత కంప్యూటర్ గదా. ప్లగ్గుకు మూడు పిన్నులున్నయి, మల్ల గీ తీగ దేనికి నానమ్మా?” అంది.

“ముందు దిగు. కాలు విరగ్గొట్టుకుంటే దవాఖాన్ల నీ పక్కన ఎవలు కూసుంటరు?” అన్నాను. ఆ తీగ సంగతి స్టూలు పట్టుకుని చెప్పేది కాదు. ఆ డబ్బా ఇంట్లోకి రాకముందూ, వచ్చాకా కూడా కొంతకాలం నేను ఊపిరి బిగబట్టుకునే బతికాను. నేను చదివింది నాలుగో తరగతి. కరెంటు గురించి బడిలో చెప్పేదాకా నేను బడిలో లేను. నాకు తెలిసిందంతా మా వాకిట్లో తెలిసింది.

అప్పుడు మేము నాచారంలో, కంపెనీల షెడ్ల వెనక గల్లీలో ఉండేవాళ్ళం. ఆ గల్లీలో గడియారం అక్కర్లేదు, వాసనతోనే పొద్దు తెలిసేది. తెల్లారగానే బేకరీ రొట్టె వాసన, ఎండ ఎక్కితే కాలిన రబ్బరు, సాయంత్రం గాలి తిరిగితే మందుల కంపెనీల ఘాటు. మా ఆయన జనగామ పక్క ఊరినుంచి ఫౌండ్రీ పనికి వచ్చి అక్కడ ఇల్లు పట్టాడు. ఓనరు భారతమ్మ గారు ముందు వైపు, మేము వెనక రెండు గదుల పోర్షన్లో. ఆమెది కోస్తా వైపు. వాళ్ళాయన పెద్ద ప్రభుత్వ కంపెనీలో ఇంజనీరుగా చేసి పోయాడు. రెండు పోర్షన్లకూ మధ్య వాకిలి, వాకిట్లో ఒకటే నల్లా. మంచినీళ్ళు రోజు విడిచి రోజు, చీకటితో వచ్చేవి. బియ్యం కడిగిన నీళ్ళతో కూరగాయలు కడిగేదాన్ని, ఆ నీళ్ళతో గడప కడిగేదాన్ని. నీటిచుక్క రెండు పనులన్నా చేయకుండా మా ఇంట్లోంచి మోరీలోకి పోయేది కాదు.

ఆ వాకిట్లోనే ఇనుప దండెం ఉండేది. దాని ఒక కొస గోడకున్న కొక్కేనికి కట్టి ఉండేది. ఇంటికి వచ్చే కరెంటు తీగ ఆ కొక్కేనికి రాసుకుని, రాసుకుని పైతొడుగు పోయిందని తర్వాత చెప్పారు. వానపడి వెలిసిన పొద్దు. మా ఆయన తడి తువ్వాలు ఆరేయడానికి చెయ్యెత్తాడు. నేను పెంక మీద జొన్నరొట్టె తిప్పుతున్నాను. అరుపు లేదు, పిలుపు లేదు. రొట్టె తిప్పి చూసేసరికి దండేన్ని పట్టుకున్న చెయ్యి పట్టుకునే ఉంది, కాళ్ళు మాత్రం నిలబడటం మానేశాయి. పక్కింటాయన కట్టెతో కొట్టి విడిపించాడు కానీ అప్పటికి చేయడానికేమీ మిగల్లేదు. పెద్దకర్మ రోజున ఆయనతో పనిచేసిన ఒకాయన నా ఎదురుగా కూర్చుని, తల వంచుకునే ఒక మాట చెప్పాడు. “వదినా, కరెంటు అరచేతిని ముడుస్తది. అరచేత్తో పట్టుకుంటే ఇడువదు. ఇనుము ఏదైనా సరే, ముందు చెయ్యి తిరగేసి ముట్టుకో. గుంజినా చెయ్యి నీ దిక్కే ముడుచుకుంటది.” మాది ఆలస్యంగా విన్న ఇల్లు.

ఆ రోజునుంచి మా ఇంటికి నేనే చట్టం. ఇనుప దండెం పీకించి కొబ్బరితాడు కట్టించాను. చెప్పులు లేకుండా ఎవరూ స్విచ్ ముట్టకూడదు. ఉరిమితే మెయిను దించేయాలి. ఫ్రిజ్జు కొందామని కొడుకు వెంకటేశ్ అంటే, “పాడయ్యేటంత వండుకుంటే గదా ఫ్రిజ్జు,” అని నోరు మూయించాను. గేటు, బీరువా, బోరింగు పిడి, బస్సులో పట్టుకునే కడ్డీ, ఏదైనా సరే చెయ్యి తిరగేసి తాకి గాని పట్టుకునేదాన్ని కాదు. గల్లీలో ఆడవాళ్ళు నా వెనక చేతులు తిరగేసి చూపించుకుని నవ్వుకునేవారని నాకు తెలుసు. నవ్వితే నవ్వనీ. వాళ్ళ ఇళ్ళలో మొగుళ్ళున్నారు.

కోడలు కవిత మౌలాలి పిల్ల. వాళ్ళ నాన్న రైల్వేలో చేసేవాడు. ఉప్పల్ చౌరస్తాలో ఒక డీటీపీ సెంటర్లో తెలుగు టైపు చేసేది. పెళ్ళిపత్రికలు, దుకాణాల కరపత్రాలు, ఉద్యమం ముదిరాక బంద్ పిలుపులు కూడా ఆమె వేళ్ళ కిందినుంచే పోయేవి. అఖిల పరుగెత్తడం నేర్చే వేళకు ఆ సెంటరు ఊరికి ఆ చివరకు తరలిపోయింది. పిల్లను వదిలి అంత దూరం పోలేక కవిత ఇంట్లోనే కూర్చుని పని చేసుకుంటానంది. పెళ్ళిపత్రికల అక్షరాలు పాత రకం సాఫ్ట్‌వేరులోనే ఒదుగుతాయట, అది కిటికీ బొమ్మ ఉన్న సిస్టం మీదనే నడుస్తుందట. పుస్తకాలు వేసేవాళ్ళు కొందరు కొత్త రకం అక్షరాల్లో పని ఇస్తామన్నారు కానీ, వాళ్ళది డబ్బు పెట్టకుండా దొరికే ఇంకో సిస్టం, నల్లపక్షి బొమ్మది. రెండు పనులూ కావాలి, రెండు కంప్యూటర్లు కొనే తాహతు లేదు. ఒక్క డబ్బాలోనే రెండూ పెడతానంది.

“ఒక్కదాంట్ల రెండెట్ల ఉంటయి?” అన్నాను.

“మనమూ ఓనరమ్మా ఉన్నట్లే అత్తమ్మా. ఇల్లు ఒక్కటే, పోర్షన్లు రెండు, నల్లా ఒక్కటే. ఒకలు నీళ్ళు పట్టుకుంటుంటే ఇంకొకలు బిందె పక్కకు పెట్టుకొని నిలవడాలె.”

“కొట్లాట గాదా?”

“గాకుండ నడుమ గోడ కట్టుడే నా పని,” అని నవ్వింది.

ఆ డబ్బా చిన్నదే కావాలంది కవిత, దానికి కారణం వేరే ఉంది. ఆ రోజుల్లో కరెంటు పోవడానికి ఒక్కో ఏరియాకు ఒక్కో వేళ ఉండేది. మాకు లేనప్పుడు మౌలాలిలో ఉండేది. సంచిలో పెట్టుకుని, మల్లాపూర్ మీదుగా పోయే బస్సెక్కి, పుట్టింట్లో కూర్చుని పని పూర్తి చేసుకు రావాలని ఆమె ఆలోచన. అక్కడ వాడడానికి పాత టీవీలాంటి తెర ఒకటి వాళ్ళ అమ్మ మంచం పక్కనే పెట్టింది కూడా. వెంకటేశ్ ల్యాప్‌టాప్ తీసుకొమ్మన్నాడు. “అది కరాబైతే మొత్తం కరాబైతది. ఇదైతే పోయిన ముక్క ఒక్కటే మార్సుకోవచ్చు,” అంది. ఆ మాట నాకు నచ్చింది. చిరిగిన చోట మాత్రమే కుట్టుకునే వస్తువంటే నాకు గౌరవం. అయినా నా గుండె ఒప్పుకోలేదు. ఇనుప డబ్బా, అందులో కరెంటు, దాని ముందు రోజంతా కోడలు, దాని చుట్టూ కనబడినదాన్నల్లా పట్టుకునే వయసు పిల్ల. కళ్ళు మూసుకుంటే నాకు దండెమే కనిపించేది, దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం ఒక్కోసారి ఒక్కొక్కరిది.

వద్దంటే వినే పిల్ల కాదు కవిత. అందుకే వద్దనలేదు, కొనడానికి నేనూ వెంట వస్తానన్నాను. దారిలో అఖిలకు బస్సు కడ్డీని చెయ్యి తిరగేసి ఎలా తాకాలో చూపిస్తుంటే కవిత ముఖం ముడుచుకుంది. “అత్తమ్మా, మీ భయం మీది. పిల్లకు అంటియ్యకుండ్రి,” అంది. ఆమె అన్నది తప్పని కాదు. భయం అంటుకునేదే. అంటుకుంటే పోదు కూడా. నేను చెయ్యి దించుకున్నాను. పిల్ల మాత్రం తన చెయ్యి తిరగేసుకుని వేళ్ళ వెనకవైపు చూసుకుంటూనే ఉంది.

కంప్యూటర్ ముక్కలు అమ్మే యూసుఫ్ భాయ్ దుకాణం ఉప్పల్ చౌరస్తా దగ్గర మేడమీద ఉండేది. మెట్లనిండా ఖాళీ అట్టపెట్టెలు. లోపల కొత్తవీ పాతవీ కలిపి గోడల పొడుగునా సామాను. అతను నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. కవిత అడిగిన ముక్కలన్నీ బల్ల మీద పరిచాడు. నడిపించే పలక రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత ఉంది, దాని మీద మెదడు అతికే ఉంటుందట, విడిగా కొనక్కర్లేదు. జ్ఞాపకం పట్టే సన్నటి పట్టీ ఒకటి. రెండు పోర్షన్లు కట్టే హార్డు డిస్కు ఒకటి. వాటన్నిటినీ నేను చెయ్యి తిరగేసి తాకాను.

“అమ్మా, దీంట్ల కరెంటే లేదు,” అన్నాడు యూసుఫ్ భాయ్.

“లేదని నువ్వంటున్నవు. అది అనాలె గదా,” అన్నాను. అతను కవిత వైపు చూసి తల గోక్కున్నాడు.

డబ్బా దగ్గర తగువు పడింది. నేను ప్లాస్టిక్‌ది అడిగాను. అతను ఇనుపదే చూపించాడు. కవితకైతే ఇంకో రకం మీద మనసు. దానికి కరెంటు తగ్గించే యంత్రం ఇటుకలాగ బయటే ఉంటుంది, డబ్బాలోకి చంపే కరెంటు రాదు. అది విని నా ప్రాణం లేచి వచ్చింది. కానీ అతని దగ్గర ఉన్న ఒక్క ఇటుకా వాడినది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన లక్క వాసన. ఫౌండ్రీలో మోటారు కాలిన రోజున మా ఆయన చొక్కాకు పట్టుకొచ్చిన వాసన అదే. పక్కన పెట్టేశాను. “కొత్తది ఆర్డరిస్తే వస్తది, పెళ్ళిళ్ళ సీజను ఆగదు గద అమ్మా,” అన్నాడు యూసుఫ్ భాయ్. కవిత కూడా ఆగేలా లేదు. చివరికి లోపలే కరెంటు పెట్టె ఉండే ఇనుప డబ్బాకు దిగాం. ఆ పెట్టెల్లో రెండు రకాలుంటే రెంటినీ చెరో చేత్తో తూచి చూసి బరువైనది ఎంచాను. ఇత్తడి కొన్నా పెట్టె కొన్నా తేలికది ఎక్కడో దొంగతనం చేసి ఉంటుంది.

“ఇనుపదే మంచిదమ్మా, ఎందుకంటే దానికి ఎర్త్ ఇయ్యొచ్చు. ప్లాస్టిక్‌కు ఏమిస్తరు?” అంటూ కట్టి ఇస్తూ, అతను ఒక్క మాట అడిగాడు. “మీ ఇంట్ల ఎర్త్ ఉన్నదా?”

“ప్లగ్గుబోర్డుకు మూడు రంధ్రాలున్నయి,” అంది కవిత.

“మూడు రంధ్రాలు అందరి ఇండ్లల్ల ఉంటయి బేటా. మూడోదాని ఎనక తీగ ఉన్నదా?”

ఆమెకు తెలియదు. నాకు తెలియదు. ఆ ఇంట్లో పెళ్ళి చేశాను, పురుడు పోశాను, మనిషిని పోగొట్టుకున్నాను, ఆ మూడో రంధ్రం వెనక ఏముందో ఒక్కనాడూ అడగలేదు. బస్సులో ఆ డబ్బా నా ఒడిలో పెట్టుకున్నాను కానీ చేతులు మాత్రం దాని మీద వేయలేదు.

సాయంత్రం వెంకటేశ్ మెయిను దించి బోర్డు విప్పాడు. మొదటి రంధ్రం వెనక తీగ ఉంది, రెండోదాని వెనక ఉంది. మూడోదాని వెనక కందిరీగ కట్టుకుని వదిలేసిన మట్టిగూడు ఉంది. అంతే. నేను అన్నాను, “భూమిల పాతిన తీగ వచ్చి ఆ గూడు ఉన్న కాడ కూసునేదాక డబ్బా మంచం కిందినుంచి కదలదు.”

ఎర్త్ కోసం వాకిట్లో గుంత తవ్వాలి. మర్నాడు భారతమ్మ గారిని అడిగాను. ఆమె పూలకుండీలకు నీళ్ళు పోస్తూ విని, “ఎక్కడమ్మా తవ్వేది?” అంది. బోర్డుకు దగ్గర అని మా పోర్షను పక్క మూల చూపించాను.

“నైరుతిలోనా? నైరుతిలో గుంత తవ్వితే ఇంటి యజమానికి అరిష్టం. మా ఆయన పోయాక ఈ ఇంటికి యజమానిని నేనేగా. నీకేమైనా నామీద కోపముందా చెప్పు.”

“కోపమేం లేదమ్మా. కరెంటు మీదనే నాకున్నది.”

“అయితే ఆ డబ్బా తీసేయండి. నలభై ఏళ్ళుగా లేని ఎర్త్ ఇప్పుడేం కావాలి?” అంది. ఆ ఇంట్లో ఆ నలభై ఏళ్ళు ఎవరిని తీసుకుపోయాయో ఆమెకు గుర్తు చేయాలనిపించింది. చేయలేదు. వేరే ఇల్లు దొరికే రోజులు కావు.

డబ్బా మంచం కిందే ఉంది. పెళ్ళిపత్రికల వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. కవిత ఆ ఫోన్లు తీసుకుని పక్క గదిలోకి పోయి మెల్లగా మాట్లాడేది. ఒకరోజు నేను రేషను బియ్యానికి పోయి వచ్చేసరికి బల్ల మీద డబ్బా వెలుగుతోంది. దాని వెనక స్క్రూకు ఆకుపచ్చ తీగ చుట్టి, కిటికీలోంచి బయటికి పోతోంది. “ఎర్త్ పెట్టిన అమ్మా,” అన్నాడు వెంకటేశ్. “ఏడ?” అంటే, “భూమిలనే,” అన్నాడు. గుంత కనబడలేదే అంటే గుంత అక్కర్లేని పద్ధతి అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళి డబ్బాను చెయ్యి తిరగేసి తాకాను. ఏమీ లేదు. చల్లటి ఇనుము. కవిత దానికి పసుపూ కుంకుమా పెట్టించింది నాతోనే. నడుమ గోడ తర్వాత కడతాననీ, ముందు కిటికీ బొమ్మది పెట్టుకుని పెళ్ళిపత్రికలు తేల్చుకుంటాననీ అంది. కొన్ని రోజులు ఇల్లు టకటకలతో నిండిపోయింది. కరెంటు పోయే వేళకు తీగ ఊడదీసి డబ్బాను సంచిలో పెట్టుకుని మౌలాలి పోయేది. గుట్టమీది దర్గా దీపాలు వెలిగే వేళకు తిరిగి వచ్చేది. నేను రోజూ తాకి చూస్తూనే ఉన్నాను. రోజూ చల్లటి ఇనుమే. ఒకనాడు తాకడం మర్చిపోయాను కూడా. అంత నమ్మకం కుదిరింది.

ఆ వారమే గల్లీలో రోడ్డు తవ్వారు. తుప్పు పట్టిన నీళ్ళ పైపులు ముక్కలు ముక్కలుగా పైకి తీసి, వాటి స్థానంలో నల్లటి ప్లాస్టిక్ పైపు చుట్టలు దించారు. గల్లీ అంతా సంతోషం, ఇక తుప్పునీళ్ళు రావని. నేనూ సంతోషించాను.

కొత్త పైపులో నీళ్ళు వదిలిన మొదటి తెల్లవారి. కవిత నాకంటే ముందే లేచి ఉంది. పుస్తకాల వాళ్ళ పని ఆ రోజు మొదలుపెట్టాలి. అందుకని కరెంటు పోకముందే నల్లపక్షి బొమ్మ సిస్టం రెండో పోర్షన్లోకి దించుతోంది. “అత్తమ్మా, ఇప్పుడు మాత్రం మెయిను ముట్టకుండ్రి. నడుమ గోడ లేస్తున్నది. గిప్పుడు ఆగితే రెండు దిక్కులా కూలుతది,” అంది. సరే అని నేను పొయ్యి అంటించుకున్నాను. వాకిట్లో నల్లా గుర్రుగుర్రుమంటోంది. భారతమ్మ గారు బిందె పట్టుకుని మెట్లు దిగుతోంది, ఉత్త కాళ్ళతో. ఆమెకంటే ముందు అఖిల తన బుల్లి స్టీలు చెంబు పట్టుకుని తడి నేల మీద నల్లా దగ్గరికి ఉరికింది.

పొయ్యి దగ్గరినుంచి నేను చూస్తూనే ఉన్నాను. పిల్ల నల్లా ముందు ఆగింది. చెంబు కింద పెట్టింది. చెయ్యి తిరగేసింది. వేళ్ళ వెనకవైపు నల్లాకు తగిలించి చటుక్కున తీసుకుని నావైపు తిరిగింది.

“నానమ్మా, నల్లా కుడుతున్నది.”

“నల్లా కుట్టడమేంటే, అదేమన్నా తేలా?” అని నవ్వుతూ భారతమ్మ గారు చెయ్యి చాపింది. నా నోట్లోంచి మాట రాకముందే పట్టుకుంది. కెవ్వుమని బిందె వదిలేసి వెనక్కి కూలబడింది. బిందె దొర్లుకుంటూ వచ్చి నా గడపకు తగిలింది. అప్పుడు నా కళ్ళు ఆకుపచ్చ తీగ మీద పడ్డాయి. మా కిటికీలోంచి బయటికి వచ్చి, గోడ వెంబడే పోయి, బాత్రూం వెనకనుంచి తిరిగి, నల్లా పైపుకు నాలుగు చుట్లు చుట్టుకుని ఉంది. నేల మీద పిల్ల, నీళ్ళు, ఇనుము. దండెం మీది చెయ్యి ఎవరిదో నాకు తెలిసిపోయిందనుకున్నాను.

“కవితా, ప్లగ్గు పీకు,” అని అరిచాను. నేను ఆ ఇంట్లో అరవడం అదే మొదలు.

ఆమె ఎందుకని అడగలేదు. ఒక్క క్షణం ఆగమనలేదు. ప్లగ్గు పీకి, దాన్ని చేత్తో పట్టుకునే వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. పిల్లను ఎత్తుకుని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసింది. ఏమీ కాలేదు. భారతమ్మ గారు మెట్టు మీద కూర్చుని మోచెయ్యి రుద్దుకుంటూ, “చెప్పింది కదే చంటిపిల్ల, నేనే వినలేదు,” అని పదేపదే అనుకుంటోంది. రొట్టె పెంక మీద మాడిపోయింది. ఆ ఇంట్లో అది రెండోసారి.

వెంకటేశ్ డ్యూటీ దిగి వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. “నీళ్ళ పైపు భూమిలకే పోతది గదా అమ్మా. అందరు గట్లనే కడతరు,” అన్నాడు. నిజమే, గల్లీలో అందరూ అలాగే కట్టేవారు. ఇనుప పైపు ఉన్నన్నాళ్ళూ అది భూమే. పైపు ప్లాస్టిక్ అయ్యాక ఆ తీగకు భూమి దొరకలేదు, మనుషులు దొరికారు. కవిత నన్ను ఊరడించడానికి, “ఇది చంపే కరెంటు గాదత్తమ్మా, డబ్బాలకెల్లి కొంచెం కారేది, అంతే,” అంది. “పెద్దది వచ్చే తోవ గూడ గదే గదా బిడ్డా,” అన్నాను. మధ్యలో ఆపినందుకు గోడ రెండు దిక్కులా కూలిపోయింది. చేసి పెట్టుకున్న పెళ్ళిపత్రికలన్నీ పోయాయి. వాటిని మళ్ళీ మొదటినుంచి టైపు చేస్తున్నప్పుడు కూడా ఆ మాట ఒక్కసారి ఎత్తలేదు. పిల్లకు భయం అంటించవద్దన్న మాట కూడా మళ్ళీ ఎత్తలేదు.

గుంత చోటు భారతమ్మ గారే చూపించింది. “ఈశాన్యంలో తవ్వించండి. రోజూ నీళ్ళు పోసే గుంతే కదా, ఈశాన్యంలో నీళ్ళుంటే ఇంటికి మంచిదే,” అంది. తవ్విన మనిషి నడుములోతు దిగి, రాగి పలక పాతి, ఒక వరస దొడ్డుప్పు, ఒక వరస బొగ్గు వేశాడు. బొగ్గు ఇస్త్రీబండి అతని దగ్గర తెచ్చాను. అక్కడినుంచి కొత్త తీగ వచ్చి, కందిరీగ గూడు దులిపేసిన చోట, మూడో రంధ్రం వెనక కూర్చుంది. డబ్బా వెనకనుంచి పోయే పాత తీగను నేనే కత్తెరతో కత్తిరించాను. గుంత ఎండితే ఎర్త్ పనిచేయదని ఆ మనిషి చెప్పాడు కాబట్టి కూరగాయలు కడిగిన నీళ్ళు గడప కడగడం మాని, రోజూ పొద్దున దాంట్లో పోయడం మొదలుపెట్టాను. నేను పోసి వచ్చేదాకా కవిత స్విచ్ వేసేది కాదు. లోపలినుంచే అడిగేది, “పోసిన్రా అత్తమ్మా?” అని. “పోసిన,” అంటే అప్పుడు టక్కుమనేది. తెర మీద నల్లగా రెండు వరసలు వచ్చి, ఇద్దరిలో ఎవరిని లేపాలని అడిగేది. రెండు పోర్షన్లూ కొట్లాడుకోకుండా చాలా ఏళ్ళు ఒకే నల్లా మీద బతికాయి.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మెల్లమెల్లగా కరెంటు కోతలు పోయాయి, డబ్బా మల్లాపూర్ బస్సెక్కడం మానేసింది. కవిత సంపాదనా, వెంకటేశ్ ఓవర్‌టైమూ కలిసి నాగారంలో ఈ ఫ్లాటు అయింది. ఇక్కడ కరెంటు కొంచెం కారితే తనంతట తనే పడిపోయే స్విచ్ ఉంది. అందరూ అరచేతులతోనే అన్నీ పట్టుకుంటారు. పిల్లలు గోడలో పెట్టిన ఫోను తీగలు తడిచేతులతో లాగుతారు. భయం లేదు, మంచిదే. భయపడుతూ బతకడం బతుకు కాదని నాకంటే ఎవరికి తెలుసు. కానీ ఏ స్విచ్ వెనక ఏముందో అడిగేవాళ్ళు లేకపోవడం చూస్తే నాకు కందిరీగ గూడే గుర్తుకొస్తుంది. కింద సెల్లారులో సిమెంటు మూత వేసిన ఎర్త్ గుంత ఉంది. నేను చెంబు తీసుకుని దిగితే వాచ్‌మన్ నవ్వుతాడు. గల్లీ ఆడవాళ్ళ నవ్వు విన్నదాన్ని, ఇతని నవ్వెంత.

ఇదంతా అఖిలకు ఒక్కసారిగా చెప్పలేదు. దండెం సంగతి చెప్పాను, ఉప్పల్ దుకాణం సంగతి చెప్పాను, మూడో రంధ్రం వెనక మట్టిగూడు దాకా వచ్చాను. అది డబ్బాను తుడిచి బల్ల మీద పెట్టి, తన తెరకు కలిపి, “ఇది లేస్తదా సూద్దామా నానమ్మా?” అంది. “ఆగు,” అన్నాను. ఎందుకో చెప్పలేదు. గిన్నెలో బీరకాయలు కడిగిన నీళ్ళున్నాయి. చెంబులో ఒంపుకుని, లిఫ్టు ఎక్కకుండా మెట్లమీద మెల్లగా దిగి, గుంత మూత రంధ్రంలో పోసి, మళ్ళీ ఎక్కి వచ్చేసరికి మోకాళ్ళు నొప్పితో మండుతున్నాయి. నేను లేనప్పుడు వేసేసి ఉంటుందనే భయంతోనే తలుపు తోశాను.

వేయలేదు. కాళ్ళకు చెప్పులు తొడుక్కుని, ప్లగ్గు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. నల్లా రోజు దానికి గుర్తులేదు. గుంత సంగతిదాకా నేనింకా రానేలేదు.

“పోసినవా నానమ్మా?” అంది.

“పోసిన,” అన్నాను.

అప్పుడు ప్లగ్గు పెట్టింది.